వర్ని మేనత్త

సోషియాలజీని నేనూ, నా స్నేహితురాలూ చెరి సగం పంచుకున్నాం. సివిల్స్ మెయిన్స్‌కు మేం తీసుకున్న ఆప్షనల్ అది. మొదటి పేపర్‌లో సిద్ధాంతాలు, వాటిని చెప్పిన యూరప్ పండితులు ఉంటారు. రెండో పేపర్ అంతా మన దేశ సమాజం: కులం, కుటుంబం, ఊరు, వలస, పంచాయతీ. మంచి పుస్తకాలు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, మేం పరీక్ష రాసేది తెలుగులో. ఒక్కొక్కరం మొత్తం చదివి తెలుగులోకి తెచ్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని ఎవరి సగం వాళ్లు చదివి రెండో మనిషికి చెప్పాలని అనుకున్నాం. పంపకం చేసింది ఆమే.

"నువ్వు సచ్చినోళ్లను సూసుకో, నేను బతికున్నోళ్లను సూసుకుంట" అన్నది.

ఆమెది బోధన్ దగ్గర కాలువ కింద ఊరు. నిజామాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. మా ఇల్లు నిజామాబాద్‌లోనే. జిల్లా గ్రంథాలయంలో ఆడవాళ్ల వరుసలో పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఇద్దరికీ ముప్పై దగ్గర పడ్డాయి. ఇళ్లలో పెళ్లి మాట ఎత్తడం మానేసి, మాకు చెప్పకుండా సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.

లోపల మాట్లాడకూడదు కాబట్టి, మధ్యాహ్నం డబ్బాలు తిన్నాక వెనకాల సైకిల్ స్టాండ్ రేకుల కిందికి పోయి పాఠాలు చెప్పుకునేవాళ్లం. నేను కాగితం మీద రాసుకున్నది చూస్తూ చెప్పేదాన్ని. ఆమె చేతిలో ఏ కాగితమూ ఉండేది కాదు.

నేను చెప్పిన పాఠాల్లో ఆమె బాగా పట్టించుకున్నది ఒకటి ఉంది. ఒక జర్మన్ పండితుడి ఆలోచన అది. సమాజాన్ని అర్థం చేసుకోవడానికి చాలామందిలో ఉండే లక్షణాలను ఏరి, కలిపి, ఒక నమూనా తయారు చేసుకుంటాం. అది అచ్చంగా అలాగే బయట ఎక్కడా కనిపించదు. కానీ దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే నిజం మనుషులు అర్థమవుతారు. ఇది చెప్పడానికి నేను చాలా తిప్పలు పడ్డాను. ఆమె, "అంటే అసొంటి మనిషి యాడ ఉండది. గని ఆమె లేకుంటే ఉన్నోళ్లు అర్థంగారు. గంతేనా?" అన్నది. అంతే అన్నాను.

ఆ తర్వాతే ఆమె పాఠాల్లోకి మేనత్త వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పట్లో నాకు తోచలేదు.

మేనత్త అంటే వాళ్ల నాన్నకు చెల్లెలు. బోధన్ దగ్గరే వర్ని అనే ఊళ్లో ఇచ్చారు. ఏ పాఠం వచ్చినా ఆమె మేనత్త దగ్గర మొదలుపెట్టేది. కింది కులాలు పై కులాల ఆచారాలను ఎలా అందుకుంటాయన్న పాఠం వస్తే, మేనత్త మెడలో తులసిమాల వేసుకుని మాంసం మానేసింది, ఎల్లమ్మ పండుగ రాగానే అమ్మవారు అడిగిందని చెప్పి మళ్లీ తిన్నది. వలస పాఠంలో మేనత్త భర్త దుబాయ్ పోయాడు. ఇల్లు, పొలం, బ్యాంకు అన్నీ ఆమె మీద పడ్డాయి. కోస్తా నుంచి వచ్చి వర్ని చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లతో ఆమె కాలువ నీళ్ల దగ్గర కొట్లాడింది, వాళ్ల దగ్గరే గోంగూర పచ్చడి పట్టడం నేర్చుకుంది. ఇంటి దగ్గర చేసే కూలి పని గురించి చెప్పాల్సిన రోజున మేనత్త బీడీలు చుట్టింది. పంచాయతీరాజ్ వచ్చినప్పుడు వార్డు మెంబర్‌గా గెలిచింది, కుర్చీలో మాత్రం ఆమె భర్త కూర్చున్నాడు.

బంధుత్వం పాఠంలో మేనత్త తన కొడుక్కు నా స్నేహితురాలిని అడిగింది. మేనరికం అన్న మాటకు అర్థం నాకు ముందే తెలుసు. కానీ మేనత్త పళ్ల సంచితో వచ్చి గడపలో కూర్చుని, మీరు ఊ అనేదాకా లేవనని పట్టుబట్టిన సంగతి విన్నాక, అందులో ఆస్తి ఎక్కడుంది, ఆప్యాయత ఎక్కడుంది, రెండూ ఎక్కడ కలిసిపోతాయి అన్నది కూడా తెలిసింది.

స్టాండ్ చూసుకునే పెద్దాయన టికెట్లు చింపుతూ ఇవన్నీ వినేవాడు. మేం రాగానే, "ఏం మేడం, ఇయ్యాల మీ అత్త ఏం జేసింది?" అని అడిగేవాడు. ఒకరోజు మేం పాఠం చెప్పుకోకుండా లోపలికి పోతుంటే, "ఇయ్యాల అత్తకు సెలవా?" అన్నాడు.

చివరిగా చెప్పిన పాఠం చెరకు కోత మీద. కుటుంబమే పనికి కొలత కావడం గురించి. చెరకు నరకడానికి మహారాష్ట్ర నుంచి ముఠాలు వస్తాయి. వాళ్ల మేస్త్రీని ముకద్దం అంటారు. ఆయన లెక్కలో మొగుడూ పెళ్లాం కలిసి ఒక కోయత. కోయత అంటే కొడవలి. మొగుడు నరుకుతాడు, పెళ్లాం కట్టలు కట్టి మోస్తుంది. ఒంటి మనిషిని ముఠాలోకి తీసుకోరు. ఇదంతా చెప్పి, మేనత్త ఒకసారి ముకద్దంతో పంతం పట్టిందని మొదలుపెట్టింది. మొగుడు లేని ఆడదానికి చెరుకు తోటలో ఏం పని అని అతడన్నాడట. నేనే చెరకు కొడత, నన్ను కోయత కింద రాసుకో అని ఆమె అన్నదట. సగం కొడవలిని రాసుకోనని అతడు అన్నాడట.

"అప్పుడేం చేసింది?" అని అడిగాను.

ఆమె నుదురు పట్టుకుని, తల నొస్తున్నది, రేపు చెప్తాను అన్నది. మా మాటలు వింటున్న పెద్దాయన కూడా, "గట్ల నడుమల ఇడిసిపెడితే ఎట్ల మేడం" అన్నాడు.

అవి వానలు మొదలైన కొత్త రోజులు. జ్వరం వచ్చిందని మర్నాడు ఊరికి పోయింది. అక్కడి నుంచి బోధన్ ఆసుపత్రికి, బోధన్ నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయారు. నేను హైదరాబాద్ బయలుదేరడానికి బట్టలు సర్దుకుంటుండగా వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. వచ్చే పని లేదు బిడ్డా, మేమే తీసుకొస్తున్నం అన్నాడు.

మెయిన్స్‌కు ఇంకా కొంత వ్యవధి ఉంది. గ్రంథాలయానికి పోవడం మానలేదు. మొదటి పేపర్ తిరగేస్తే అన్నీ గుర్తొచ్చేవి. రెండో పేపర్ పుస్తకం తెరిస్తే నాలుగు వాక్యాలు కూడా నడిచేవి కావు. ఆ సగాన్ని నేను ఎన్నడూ కళ్లతో చదవలేదు, చెవులతో విన్నానంతే. ఇంగ్లిష్ వాక్యం చదివి దాన్ని తెలుగులో రాయబోతే, ఆమె ఎలా చెప్పిందో గుర్తొచ్చేది, అక్కడితో ఆగిపోయేదాన్ని. పుస్తకం మూసి, మొదటి పేపరే మళ్లీ తీసేదాన్ని. సగం చదువుతో ఆ పరీక్ష రాయలేనని తెలుసు. అదే నా చివరి ప్రయత్నమని కూడా ఇంట్లో ఒప్పుకున్నాను.

పదకొండో రోజున వాళ్ల ఊరికి పోయాను. వాళ్లమ్మకు పెట్టడానికి ఒక నూలు చీర కొన్నాను. బస్సు బోధన్ చేరేదాకా ఎక్కడ చూసినా వరి నాట్లే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసేవాళ్లు తగ్గిపోయారు. వాళ్ల నాన్న మాత్రం కొంత భూమిలో వదలకుండా వేస్తున్నాడు, అది లారీల్లో దూరపు మిల్లుకు పోతుంది. వాళ్లింటి వెనక తోట అప్పటికే మనిషెత్తు దాటింది.

పెళ్లికాని పిల్లకు ఈ కర్మలన్నీ ఎందుకని కొందరు అన్నారట. ఆ తండ్రి వినలేదు, అన్నీ చేయించాడు. భోజనాలకు ముందు తల్లిదండ్రులను వాకిట్లో పీటల మీద కూర్చోబెట్టారు. ఒక పెద్దమనిషి నిలబడి వరుస ప్రకారం చుట్టాలను పిలిచాడు. ముందు అమ్మ తరఫువాళ్లు వచ్చి బట్టలు పెట్టారు. తర్వాత నాన్న అన్నదమ్ములు, వియ్యాలవారు. ఒక్కొక్క పిలుపుకు కొందరు లేచి, బట్టలు పెట్టి, కొంచెం ఏడ్చి, పక్కకు జరిగారు. నేను చీర కవర్ పట్టుకుని గోడ పక్కన ఉన్నాను. స్నేహితురాలికి ఏ పిలుపూ ఉండదని అప్పుడు తెలిసింది. పుస్తకాల్లో బంధుత్వం మీద అన్ని పేజీలున్నాయి, అందులోనూ లేదు.

నేను మేనత్త కోసం చూస్తున్నాను. ఇన్ని రోజులు విన్న మనిషిని చూడబోతున్నానన్న ఆత్రం ఆ వాకిట్లో కూడా నాలో ఉంది. తులసిమాల ఉన్న ఆడవాళ్లు ఇద్దరు కనిపించారు, కానీ వాళ్లు వేరే పిలుపులకు లేచారు.

పెద్దమనిషి చుట్టూ చూసి, "అయినట్టేనా? ఎవలన్న మిగిలిన్రా?" అన్నాడు.

పాపం ఆమెను మరిచిపోయినట్టున్నారని అనుకున్నాను. "మేనత్తను పిలవలేదు" అన్నాను.

"ఏ మేనత్త?"

"వర్ని మేనత్త."

అందరూ నా వైపు తిరిగారు. తర్వాత వాళ్ల నాన్న వైపు తిరిగారు. ఆయన పీట మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. వెనక నుంచి ఒక ముసలాయన నెమ్మదిగా, "నీకు అక్కసెల్లెండ్లు లేరు గద. మీ బాపుకు వర్నిల ఇంకో ఇల్లు గిట్ల ఉండెనా ఏందిరా?" అని అడిగాడు. ఇంకొకాయన, నా స్నేహితురాలి తాత కాలువ పనులకు వర్ని వైపు పోతుండేవాడని గుర్తు చేశాడు. చనిపోయి చాలా ఏళ్లైన ఆ తాతకు నా మాటతో వర్నిలో ఒక సంసారం ఏర్పడింది. ఆడవాళ్లలో గుసగుస మొదలైంది.

నేను ఉన్న సంగతి చెప్పాను. ఆమె నాకు పాఠాలు చెప్పేది, మేనత్త సంగతులన్నీ తనే చెప్పింది, అంతకు మించి నాకేమీ తెలియదు అన్నాను.

వాళ్లమ్మ అప్పటిదాకా తలెత్తలేదు. ఇప్పుడు ఎత్తింది.

"అది గంతే బిడ్డా. చిన్నప్పుడు తమ్మునికి లెక్కలు జెప్పెటప్పుడు గూడ, లెక్కల ఉన్నోళ్లందరికి ఊర్లు, ఇండ్లు పుట్టిస్తుండె. మామిడిపండ్లు అమ్మెటోనికి పెండ్లి గూడ జేసింది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వాళ్లమ్మ నా చేతిలోని కవర్ చూసింది.

"ఇటియ్యి. మేనత్త పెట్టిందనుకుంట."

పోయి పెట్టాను. ఎలా పెట్టాలో తెలియక నిలబడితే, పక్కనున్నామె నా చెయ్యి పట్టుకుని చీర మడత మీద పసుపు కుంకుమ వేయించింది.

భోజనాలయ్యాక వాళ్లమ్మ నన్ను వంటింటి పక్కన కూర్చోబెట్టుకుని, మేనత్త ఏం చేసింది చెప్పమన్నది. పళ్ల సంచితో వచ్చి కొడుక్కు సంబంధం అడిగిన సంగతి చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. "నేను తెచ్చిన సంబంధాలకు వద్దనుకుంట, దాని మటుకు అది ఒకటి పుట్టిచ్చుకున్నదా" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత, "ఒప్పుకున్నదా మరి?" అని అడిగింది.

ఒప్పుకోలేదని చెప్పాను. పెళ్లి కొడుక్కు పదో తరగతి పుస్తకం ఇచ్చి చదవమన్నది, వాడు చదవలేకపోయాడు, మేనత్త పళ్లు అక్కడే వదిలి వెళ్లిపోయింది.

"ఇంకోటి జెప్పు" అన్నది.

బస్సు టైమైపోతున్నదని లేస్తే, ఆదివారం రమ్మన్నది. మర్యాదకు అన్నదేమో అనుకున్నాను. శనివారం వాళ్ల నాన్న ఫోన్ చేసి, అమ్మ అడుగుతున్నది, వస్తున్నవా అన్నాడు.

ఆ ఆదివారం పోయాను. ఆ తర్వాత పరీక్ష దాకా పోతూనే ఉన్నాను. కూతురు మాట్లాడిన మాటల్లో తను వినని మాటలు ఇంకా కొన్ని ఉన్నాయన్నదే ఆమెకు కావలసింది. నేను పోయిన రోజు అన్నం తిన్నాక చాప పరిచేది. నేను పాఠం వరుసలోనే చెప్పేదాన్ని, ఎందుకంటే నాకు గుర్తున్నది ఆ వరుసలోనే. కులంతో మొదలైంది. ఒక ముక్క మరిచిపోతే ఆమె ఊరుకునేది కాదు. మాంసం మానేసిన మనిషి ఎందుకు మానేసిందో, ఎవరిని చూసి మానేసిందో, మానేస్తే ఎవరు మెచ్చుకున్నారో అడిగేది. అవన్నీ చెప్పాలంటే పాఠం మొత్తం గుర్తు చేసుకోవాల్సి వచ్చేది. బస్సులో తిరిగొస్తూ పుస్తకం తీసి, చెప్పలేకపోయిన చోటు వెతికేదాన్ని. నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోవడం అలా పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు.

వాళ్ల నాన్న కొంచెం దూరంగా మంచం మీద పడుకుని వినేవాడు. పంచాయతీ పాఠం రోజున లేచి కూర్చున్నాడు.

"ఆగు బిడ్డా. ఆమె మొగడు దుబాయ్‌ల ఉండె గద. మరి గీడ కుర్సీల ఎవడు గూసున్నడు?"

ఇన్నాళ్లూ నాకు ఆ అనుమానం రాలేదు. సైకిల్ స్టాండ్ పెద్దాయనకూ రాలేదు. ఒక్క ఆడమనిషి బీడీలు చుట్టి, పొలం చేసి, నీళ్లకు కొట్లాడి, ఎలక్షన్‌లో గెలిచి, మాల వేసుకుని, మాల తీసి, ఇన్ని ఎలా చేసిందని ఏనాడూ అనుకోలేదు.

"సుట్టీ మీద వచ్చిండు తియ్యి" అన్నది వాళ్లమ్మ, ఆయన వైపు తిరగకుండా.

"ఐదేండ్లు సుట్టీయా?"

"నువ్వు పండుకో."

ఆయన పడుకున్నాడు. కాసేపటికి మంచం కదిలింది. నవ్వుతున్నాడనుకున్నాను. తల తిప్పి చూడలేదు.

ఆ రోజు బస్సులో నా మొదటి పేపర్‌లోని జర్మన్ పండితుడు గుర్తొచ్చాడు. ఎక్కడా ఉండని మనిషి, కానీ ఆమె లేకపోతే ఉన్నవాళ్లు అర్థం కారు. నేను తిప్పలు పడి చెప్పిన పాఠాన్ని నా స్నేహితురాలు వాడుకుని, ఆ సంగతి నాకు చెప్పలేదు. బహుశా పరీక్ష అయ్యాక చెప్పి నవ్వుదామనుకుందేమో. అది ఊహే. తెలుసుకునే దారి లేదు.

కోయత పాఠం దగ్గరికి వచ్చేసరికి పరీక్ష దగ్గరపడింది. సగం కొడవలిని రాసుకోనని ముకద్దం అన్న చోటు దాకా చెప్పి, ఇక్కడిదాకే చెప్పింది, తల నొస్తున్నదని లేచింది అన్నాను. వాళ్లమ్మ లేచింది. చాప మడిచి లోపల పెట్టి వచ్చి, నాకు డబ్బాలో గారెలు సర్ది ఇచ్చింది.

పరీక్షకు హైదరాబాద్ పోయేముందు గ్రంథాలయంలో నా సామాను తీసుకుంటుంటే, స్టాండ్ పెద్దాయన ఇన్నాళ్లు ఆగి ఆగి అడిగాడు. "మేడం, ఇంకో మేడం వస్తలేదు. అత్త సంగతి నడుమలనే ఉన్నది."

చెప్పాను. ఆయన టికెట్ల కట్ట జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "అత్తకు తెల్సా?" అన్నాడు.

తెలుసు అన్నాను. అప్పుడు వేరే జవాబు ఏదీ నాకు నిజమనిపించలేదు.

రెండు పేపర్లూ ఒకే రోజు. పొద్దున నా సగం, మధ్యాహ్నం ఆమె సగం. మధ్యాహ్నం పేపర్‌లో మగవాళ్లు వలస పోయిన ఇళ్లలో ఆడవాళ్ల స్థితి మీద ఒక ప్రశ్న ఉంది. నిజామాబాద్ జిల్లాలో ఒక స్త్రీ అని మొదలుపెట్టి, కొట్టేశాను. లేని మనిషిని ఉన్నట్టు పరీక్షలో రాయడం సరికాదనిపించింది. మేనత్తను విడదీశాను. పొలం చూసుకునే ఆడవాళ్లు కొందరు, బీడీలు చుట్టేవాళ్లు కొందరు, గెలిచి కుర్చీ దొరకనివాళ్లు కొందరు అని రాశాను. ఒక్కొక్కటీ ఎవరో ఒకరి విషయంలో నిజమే. గంట కొట్టేసరికి చివరి జవాబు చివరి వాక్యంలో ఉన్నాను. ఆమె సగంలో ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు బోధన్ వైపు పోలేదు. పాఠాలు అయిపోయాయి, ఇంక ఏం చెప్పాలో తెలియలేదు. చలికాలంలో వాళ్ల నాన్న ఫోన్ చేసి, కోత నడుస్తున్నది, అమ్మ రమ్మంటున్నది అన్నాడు.

పోయేసరికి ఇంటి వెనక తోట సగం ఖాళీ అయింది. కోత ముఠా గుడిసెలు గట్టున ఉన్నాయి, మరాఠీ మాటలు వినిపిస్తున్నాయి. ఒక మొగుడూ పెళ్లాం మాకు దగ్గరలోనే పని చేస్తున్నారు. అతడు మొదలు దగ్గర నరికి, ఆకు దూసి వెనక్కి వేస్తుంటే, ఆమె ఏరి చెరకు ఆకుతోనే కట్ట కట్టి తల మీద పెట్టుకుని లారీ వైపు పోతున్నది. అచ్చంగా నా స్నేహితురాలు చెప్పినట్టే ఉంది. ఈ పాఠంలో మేనత్త తప్ప అన్నీ నిజమే.

వాళ్లమ్మ నేను పెట్టిన చీర కట్టుకుని ఉంది. గట్టు మీద నా పక్కన కూర్చుని, చెరకు గడ విరిచి ఇచ్చింది. కొంచెంసేపు కోత చూసింది.

"గా ముకద్దం సంగతి సగంల ఉండె గద" అన్నది.

"అవును."

"సగం కొడవలిని రాసుకోనన్నడు. గా మాటకు ఆమెకు రోషం వచ్చింది. సక్కగ గీడికే వచ్చింది, మా ఇంటికి. వదినె, నాకు జోడి కావాలె అన్నది."

నేను చెరకు నమలడం ఆపాను. ఆమె నా వైపు చూడలేదు. తోట వైపే చూస్తూ చెప్తున్నది.

"ఇంకెవలున్నరు, నేనే పోయిన. ఆమె కొట్టింది, నేను కట్టలు గట్టిన. పొద్దుమీకేదాంక గట్టిన."

"ముకద్దం ఒప్పుకున్నడా?"

"ఒప్పుకోక ఏంజేస్తడు" అన్నది. "పూరా ఒక కోయత కింద రాసుకున్నడు."